శోశమ్మ సిస్టర్‌కు రాని మాట

మొన్న మా మనవడు సైకిలు మీద నుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంటే సీతమ్మధారలో ఒక ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. లోపల వాడి చేతికి కట్టు వేస్తున్నారు. తలుపు సందులోంచి తడి ప్లాస్టరు వాసన వచ్చింది. కొత్తగా సున్నం కొట్టిన గోడ మీద వాన జల్లు పడితే వచ్చే వాసనకు దగ్గరగా ఉంటుంది, కాకపోతే ఇందులో కాస్త వెచ్చదనం ఉంటుంది. ఆ వాసన తగిలితే ఇన్నేళ్ళ తర్వాత కూడా నా కళ్ళు కట్టు చివర వేళ్ళను వెతుక్కుంటాయి. సరిగ్గా అప్పుడే బయట కౌంటరు దగ్గర ఒక ఒడియా కూలీ తన భార్య బాధ చెప్పుకుంటున్నాడు. నొప్పి నడుములోంచి కాలిలోకి దిగుతోందని చెప్పాలి అతనికి. మాట దొరకలేదు. భార్య నడుము దగ్గర నుంచి మడమ దాకా గాలిలో వేలితో ఒక గీత గీసి, "కరెంటు... ఇలా కరెంటు పోతాది" అన్నాడు. ఇంతకంటే చక్కగా ఎవరు చెప్పగలరు? కౌంటరులో ఉన్న అమ్మాయి, "అయితే కరెంటాఫీసుకి ఎల్లు" అంది. బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. లేచి వెళ్ళి, "అమ్మాయ్, అతను చెప్పింది నీకు అర్థమయింది. అర్థం కాకపోతే నీకు నవ్వెలా వస్తుంది? లోపలికి పంపించు" అన్నాను. గొంతు పెద్దదయింది కాబోలు, బెంచీలన్నీ నా వైపు తిరిగాయి. "ఏటండీ, ఊరికే అన్నాను కదా" అని సణుగుతూనే ఆ పిల్ల చీటీ రాసింది. నేను వచ్చి కూర్చున్నాను. నేనన్న ఆ మాట నా సొంతం కాదు. డెబ్భైల చివర్లో ఈ ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాకు పని నేర్పిన శోశమ్మ సిస్టర్ మాట అది.

ఆమెది కేరళ. ఏ ఊరో చెప్పేది కాని నా నోటికి ఎప్పుడూ సరిగా తిరగలేదు. పొట్టిగా, దిట్టంగా, తెల్ల చీర మీద ఒక్క ముడత లేకుండా, పురుషుల వార్డు మొత్తానికి పెద్ద నర్సుగా ఉండేది. పెళ్ళి చేసుకోలేదు. ఈ ఊరికి వచ్చి పదేళ్ళు దాటినా ఆమె తెలుగు తెలుగులా ఉండేది కాదు. వాళ్ళ భాషలో నేను వచ్చినా, నువ్వు వచ్చినా, వాళ్ళు వచ్చినా ఒకే మాట అట. అందుకని ఆమె అందరికీ ఒక్కటే వాడేది. "నేను వచ్చింది. నువ్వు తిన్నదా? డాక్టర్ వెళ్ళింది." వార్డులో కొత్తగా చేరిన రోగులు దుప్పట్లు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. ఆమె నవ్వనిచ్చేది. నవ్వు అయిపోయాక, "ఇప్పుడు చెప్పు. నేను ఏం చెయ్యమంది?" అని అడిగేది. వాళ్ళు తు.చ. తప్పకుండా అప్పజెప్పేవాళ్ళు. "చూసిందా? నవ్వితే అర్థం అయింది అని. అర్థం అవనివాడు నవ్వదు, భయపడుతుంది" అని మా వైపు తిరిగి చెప్పేది.

నేను చోడవరం పక్క పల్లెలో ఒక సువార్తికుని కూతుర్ని. పేరు కృప. చదువంతా తెలుగులోనే. సండే స్కూల్లో కంఠస్థ వాక్యాల పోటీలో ప్రతి ఏడూ బహుమతి నాదే. ఇంగ్లీషు పాఠాలు కూడా అలాగే కంఠతా పెట్టి నర్సింగులో చేరాను. చేరిన మొదటి వారమే తెలిసింది, కంఠతా పెట్టినవాటితో ఒక్క గుక్కెడు నీళ్ళు కూడా అడగలేమని. మా బ్యాచి పిల్లలందరిదీ అదే గతి. పొద్దున్నే డాక్టర్లు మంచం మంచం దగ్గరా ఆగి ఏదో చెబుతారు. మేము వరుసగా నిలబడి "యెస్ డాక్టర్, యెస్ డాక్టర్" అంటాం. వాళ్ళు వెళ్ళాక పక్కనున్న నూకరత్నం నన్ను పొడిచి, "ఏటే, నీకేటైనా అర్థమయిందేటి?" అంటుంది. "నాకేటి అర్థమవుద్ది? నువ్వన్నావని నేనూ యెస్ అన్నాను" అంటాను. "ఓలమ్మా, నాను నిన్ను సూసే అన్నానే!" అని అది నోరు నొక్కుకుంటుంది.

ఒకరోజు ఈ మాటలు శోశమ్మ సిస్టర్ చెవిన పడ్డాయి. మమ్మల్ని దుప్పట్లు దాచే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. కొడుతుందేమో అనుకున్నాం. "మోళే" అంది. వాళ్ళ భాషలో కూతుర్ని అలా పిలుస్తారు. "అర్థం కాలేదు, మరి యెస్ ఎందుకు చెప్పింది? నువ్వు యెస్ చెప్తే నీకు సిగ్గు పోదు. మంచం మీద వాడికి ప్రాణం పోతుంది." తర్వాత ఆ గదిలో మాకొక ఆట పెట్టింది. ఆ గదిలో దేనికీ పేరు లేదట. ఎవరైనా వస్తువు పేరు పలికితే బయటికి పంపేస్తుందట. కావలసినదాన్ని పేరు లేకుండా, ఇంగ్లీషులో, వచ్చినన్ని మాటలతోనే అడగాలి. నేను వాంతి పట్టే పళ్ళెం అడగాలి. చేతులతో గాలిలో వంపు గీశాను. చివరికి, "సిస్టర్, ప్లేట్... లైక్ జీడిపప్పు" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. ఆమె నవ్వకుండా పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టి, "దొరికిందా? పేరు రాలేదు, పళ్ళెం వచ్చింది. రేపు పేరు వస్తుంది" అంది. ఎన్నో సాయంత్రాలు ఆ ఆట ఆడాం. మాట దొరకనప్పుడు దాని ఆకారం చెప్పమనేది. అది చేసే పని చెప్పమనేది. అదీ కాకపోతే చేసి చూపించమనేది. తెలుగు ముక్క కలిపినా పరవాలేదు. మధ్యలో వదిలేయడం మాత్రం ఒప్పుకునేది కాదు.

ఇంకొక సంగతి ఉంది. అది నన్ను మార్చిన సంగతి. ఒకరోజు ఒక రోగికి నొప్పి ఎలా ఉందని డాక్టరు నూకరత్నాన్ని అడిగితే, అది "ఐ డోంట్ నో సర్" అంది. దానికి పూర్తిగా తెలుసు. ఆ మనిషికి అన్నం తిన్నాక మెలిపెట్టినట్టు వస్తోందని నాతో అంతకు ముందే చెప్పింది. మెలిపెట్టడానికి ఇంగ్లీషు మాట లేక తెలియదనేసింది. శోశమ్మ సిస్టర్‌కు ఆ రోజు వచ్చినంత కోపం నేనింకెప్పుడూ చూడలేదు. "నీకు తెలుసు. నీకు మాట తెలియదు. ఇది వేరే, అది వేరే. తెలిసి తెలియదు చెప్పింది, అది అబద్ధం. అబద్ధసాక్ష్యం. నువ్వు చర్చిలో ఏం నేర్చింది?" నూకరత్నం మా సంఘం పిల్ల కాదు, దానికేమీ పట్టలేదు. నాకు పట్టింది. దేవుడు కొండ మీద రాతిపలకలపై ఇచ్చిన ఆజ్ఞను ఊయలలో ఉన్నప్పటి నుంచి వింటూ పెరిగినదాన్ని. మాట రాక "తెలియదు" అనడం కూడా ఆ ఆజ్ఞ కిందికి వస్తుందని మా నాన్న సహా ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ ఆసుపత్రిలో ఒక నియమం ఉండేది. నర్సులు డాక్టర్లతో ఇంగ్లీషులోనే మాట్లాడాలి. డాక్టర్లు తెలుగువాళ్ళు, నర్సులు తెలుగువాళ్ళు, మంచాల మీద ఉన్నది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి పోర్టులోనూ, కొత్తగా మొదలైన ఉక్కు పనుల్లోనూ ఒళ్ళు విరుచుకుంటున్న తెలుగువాళ్ళు. వాళ్ళ నొప్పి తెలుగులో పుట్టి, మా నోట్లో ఇంగ్లీషై, డాక్టరు తలలో మళ్ళీ తెలుగై కూర్చోవాలి. ఎందుకు? మా శిక్షణ కోసమని చెప్పేవాళ్ళు. అబద్ధం. శిక్షణ అయితే తప్పు మాట్లాడినప్పుడు దిద్దుతారు, నవ్వరు. మాకూ వాళ్ళకూ మధ్య ఒక గోడ కావాలి వాళ్ళకు. ఇటుకలతో కడితే బాగుండదని భాషతో కట్టారు. అక్కడి ఎముకల డాక్టరుగారైతే ఆ నియమాన్ని వేదం కంటే ఎక్కువగా పాటించేవాడు. పేరు రాయను. ఈ ఊళ్ళో నేను వెళ్ళే సంఘానికి ఆయన పెద్ద. ఆదివారం ఆరాధనలో ముందు బెంచీలో కూర్చునేవాడు, ప్రభువు బల్ల రోజున అందరికీ ద్రాక్షరసం గిన్నె అందించేవాడు. లోకంలో మొదటి సంఘం పుట్టిన రోజున, చేపలు పట్టే పల్లెకారులు మాట్లాడుతుంటే చుట్టూ ఉన్నవాళ్ళంతా ఎవరి భాషలో వాళ్ళు విన్నారని ప్రతి ఏడూ మాకు బోధించేవాళ్ళు. ఆయనా విని తలాడించేవాడు.

నూకరాజు పోర్టులో ఓడల నుంచి సరుకు దించే కూలీ. తాడు జారి మూట మీద పడి మోకాలి కింద ఎముక విరిగింది. శనివారం డాక్టరుగారు ప్లాస్టరు వేసి వెళ్ళారు. ఆదివారం మధ్యాహ్నం డాక్టర్లెవరూ లేరు, వార్డులో నేనూ, ఒక ఆయా మాత్రమే ఉన్నాం. శోశమ్మ సిస్టర్‌కు సెలవు. మలయాళీల ప్రార్థన కూటానికి వెళ్ళింది. నూకరాజు పొద్దుట్నుంచీ మూలుగుతూనే ఉన్నాడు. "అమ్మా, ఏళ్ళు తెలుత్తలేదు. ఈ కాలు నాది కాదన్నట్టుగుంది" అన్నాడు. అతని భార్య పైడితల్లి చేపలమ్ముకునే మనిషి. కట్టు చివర బయటికి ఉన్న వేళ్ళను పట్టుకుని చూసి, "ఓలమ్మా! ఐసులో ఏసిన సేపల్లాగ సల్లగున్నాయి. సూడమ్మా, నువ్వు సూడు!" అని కేకపెట్టింది. చూశాను. నేరేడు రంగు తిరిగాయి. పిన్నీసుతో తాకితే అతనికి తెలియలేదు. కట్టు బిగిసి కాలికి రక్తం అందడం లేదు. అది నాకు తెలుసు. మాటే లేదు.

డాక్టరుగారింటికి ఫోన్ చేశాను. కంగారులో తెలుగులోనే మొదలుపెట్టాను. "సర్, నూకరాజు కాలు—" ఆయన అడ్డుకుని, "ఇంగ్లీషులో చెప్పు" అన్నాడు. వెనక గిన్నెల చప్పుడు, చుట్టాల మాటలు. భోజనాల వేళ. కళ్ళు మూసుకుని దుప్పట్ల గదిలో నిలబడ్డాననుకున్నాను. "సర్, టోస్ కోల్డ్. లైక్ ఫిష్ సర్. ఫిష్ ఇన్ ఐస్. కలర్ లైక్... లైక్ నేరేడుపండు సర్. పిన్ పుట్టింగ్, హీ నాట్ నోయింగ్. ప్లాస్టర్ టూ మచ్ టైట్ సర్. ప్లీజ్ కమ్" అన్నాను. అవతల నుంచి నవ్వు. ఫోను పక్కకు తిప్పి ఎవరికో చెప్పాడు, వాళ్ళూ నవ్వారు. మళ్ళీ నాతో, "ఏ ఫిష్షమ్మా? వంజరమా, చందువానా? ముందు ఇంగ్లీషు నేర్చుకుని అప్పుడు ఫోన్ చెయ్యి" అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను. పనిమనిషి ఎత్తి అయ్యగారు పడుకున్నారంది. లేపమని బతిమాలాను. "అమ్మో, నాను లేపనమ్మా" అని అదీ పెట్టేసింది.

దీపాలు పెట్టే వేళకు శోశమ్మ సిస్టర్ వచ్చింది, చంకలో వాక్యగ్రంథం అలాగే ఉంది. నా మొహం చూసి సరాసరి మంచం దగ్గరికి నడిచింది. నూకరాజు వేళ్ళు ముట్టుకుంది. గ్రంథం కిటికీలో పెట్టి, ప్లాస్టరు కత్తెర తెచ్చి, కట్టును పై నుంచి కింది దాకా చీల్చేసింది. "సిస్టర్, ఆర్డర్ లేదు కదా" అంది ఆయా. "ఆర్డర్ కాలు ఇచ్చింది" అంది ఆమె, తల ఎత్తకుండా. కాని ఆలస్యమైపోయింది. తర్వాత కొన్నాళ్ళకు మోకాలి కింద నుంచి తీసేశారు. పైడితల్లి ఏడవలేదు. నన్ను వరండాలో ఆపి అడిగింది. "నువ్వు పోన్‌లో సెప్పినావు గదమ్మా. నానిన్నాను. మరా బాబుకి ఇనపడనేదా?" ఆమెకు నేనేం చెప్పను? వినబడిందని చెప్పనా? నవ్వాడని చెప్పనా? ఆమె మాటనే నేను ఇంగ్లీషులో పెట్టి అందించాను. ఆ నవ్వు నన్ను చూసి మాత్రమే కాదు, ఆమెను చూసి కూడా.

పోర్టు కూలీల నాయకులు ఆసుపత్రి గేటు దగ్గర కూర్చునేసరికి విచారణ పెట్టారు. ఆసుపత్రి సెక్రటరీగారూ, బయటి నుంచి పిలిపించిన ఒక లేడీ డాక్టరూ కూర్చున్నారు. డాక్టరుగారు తనకెవరూ ఏమీ చెప్పలేదన్నాడు. చెప్పి ఉంటే పరుగెత్తుకొచ్చేవాడినన్నాడు. ఇక మిగిలింది నేను. రోగి కాలు పోతుంటే చూస్తూ కూర్చున్న ట్రెయినీ. ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, ఇక ఏ ఆసుపత్రీ గుమ్మం ఎక్కనివ్వదు. ఒక మనిషి కాలు పోగొట్టిన నింద నా మీద శాశ్వతంగా పడిపోతుంది. సెక్రటరీగారు ఇంగ్లీషులోనే అడిగారు. ఫోన్ చేశావంటున్నావు, ఏమని చెప్పావు? నోరు తెరిచాను. "ఐ... ఐ టోల్డ్..." అంతే. వెనక గోడ దగ్గర శోశమ్మ సిస్టర్ నిలబడి ఉంది, ఆమె మీద కూడా విచారణే కాబట్టి. "మోళే, ఆగింది ఎందుకు? చుట్టూ తిరిగి రా" అంది. సెక్రటరీగారు ఆమెను కసిరారు. నేను ఆయన బల్ల మీద ఫోను అందుకున్నాను. రిసీవరు చెవి దగ్గర పెట్టుకున్నాను. రెండో చేత్తో నా చెప్పు విప్పి కాలివేళ్ళు చూపించాను. "సర్, దిస్... దిస్ ఫింగర్స్..." అంటున్నాను.

డాక్టరుగారు ఉండబట్టలేకపోయాడు. పకపకా నవ్వాడు. "చూడండి సార్, చూడండి! ఆ రోజూ ఇదే వరస. వేళ్ళు ఐసులో చేపల్లా ఉన్నాయంటుంది. మధ్యలో నేరేడుపళ్ళు! మా ఇంట్లో అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. దీన్ని రిపోర్టంటారా?" అన్నాడు.

ఆ గదిలో నేనింకా చేప పేరు ఎత్తలేదు.

లేడీ డాక్టరుగారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "వేళ్ళు చల్లబడ్డాయి, రంగు మారాయి. ఇది మీకు ఆదివారం మధ్యాహ్నమే తెలుసన్నమాట" అంది, తెలుగులో. ఆయన నవ్వు అక్కడే తెగిపోయింది. ఎదుటివాళ్ళ మాటను ఎగతాళి చెయ్యకుండా ఉండలేని రోగం ఆయనది. దాచుకోవలసిన నిజాన్ని ఆ రోగమే కక్కించింది. ఆ రాత్రి మోకరించి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. న్యాయం జరిగిందనుకున్నాను.

నేను పిచ్చిదాన్ని. వారం తిరక్కుండా నిర్ణయం వచ్చింది. జరిగినదానికి కారణం భాషాలోపమట. భాషాలోపం! ఒక మనిషి విని, అర్థం చేసుకుని, నవ్వి, భోంచేసి పడుకుంటే దాని పేరు భాషాలోపం. నా ఉద్యోగం నిలిచింది. డాక్టరుగారిని ఇక మీదట జాగ్రత్తగా ఉండమన్నారు. నర్సులందరూ సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసుకు రావాలన్నారు. ఆర్డరు లేకుండా కట్టు కోసినందుకు శోశమ్మ సిస్టర్‌ను రాజీనామా చెయ్యమన్నారు. ఆ కాలు కోసం కదిలిన చేతులు ఆ ఆసుపత్రి మొత్తం మీద ఆమెవే. వాక్యగ్రంథంలో దేవుడు తన ప్రజల దగ్గరికి పంపడానికి మాట తడబడేవాణ్ణి, నోటి మాంద్యం గలవాణ్ణి ఏరుకున్నాడు. నాకు మాటలు రావని అతను మొత్తుకుంటే, రాజభాష నేర్చుకుని రా, అప్పుడు చూద్దామనలేదు. ఆ కథను ఇంటింటా చెప్పిన మా నాన్న కూడా ఆ వారం నా దగ్గరికి వచ్చి, "పెద్దవాళ్ళతో మనకెందుకమ్మా, పాస్టరుగారు కూడా సర్దుకోమంటున్నారు" అన్నాడు. నాన్న మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

శోశమ్మ సిస్టర్ ఊరికి వెళ్ళిపోయే ముందు ఆదివారం మా తెలుగు ఆరాధనకు వచ్చింది. అప్పుడప్పుడు వచ్చేది. మా పాటలు మలయాళం అక్షరాల్లో రాసుకుని పాడేది. దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడేది కూడా. ఆమె సాక్ష్యమంటే మా సంఘానికి ఒక సరదా. మధ్యలో మాట తట్టక ఆగిపోయి, చేతులు తిప్పుతూ, "దీనికి ఏం మాట?" అని మమ్మల్నే అడిగేది. నాలుగు వైపుల నుంచీ మాట అందించేవాళ్ళు. ఒకసారి, "దేవుడు ఇస్తుంది, నేను ఇలా చేతులు జోడించి లోపల నిండిపోతుంది, అది ఏం మాట?" అంటే ఆడవాళ్ళ వైపు నుంచి, "కృతజ్ఞత, సిస్టర్, కృతజ్ఞత!" అని కేకలు. పాస్టరుగారు కూడా నవ్వేవారు. పిల్లలైతే ఆమె ఎప్పుడు ఆగుతుందా అని కాచుకుని కూర్చునేవాళ్ళు.

ఆ రోజు కూడా లేచింది. లేవగానే కొందరి మొహాల మీద నవ్వు సిద్ధమైంది. ముందు బెంచీలో డాక్టరుగారు కూర్చుని ఉన్నాడు. ప్రభువు బల్ల రోజది. తెల్లగుడ్డ కింద గిన్నె సిద్ధంగా ఉంది.

"నేను వెళ్తుంది" అంది. "పదేళ్ళు మీరు నాకు అన్నం పెట్టింది. నేను మరిచిపోదు. ఒక సంగతి చెప్పి వెళ్తుంది. మా ఆసుపత్రిలో నూకరాజు అని ఒక మనిషికి కాలు పోయింది. ఎందుకు పోయింది? ప్లాస్టర్ వల్ల కాదు. ఇంగ్లీష్ వల్ల కాదు. మనిషి లోపల ఒకటి ఉంటుంది..." ఆగిపోయింది. చేయి మెడ దగ్గర పెట్టుకుంది. "మెడ ఉంటుంది, వంగదు. చెవి ఉంటుంది, కింద నుంచి వచ్చిన మాట అందులోకి పోదు. పేదవాడు ఏడిస్తే నవ్వు వస్తుంది. దానికి తెలుగులో ఏం మాట? నాకు రాదు. ఎవరైనా చెప్పండి."

ఎవరూ చెప్పలేదు.

ఆమె తొందరపడలేదు. ఎప్పటిలాగే ఒక వైపు చూసింది, తర్వాత రెండో వైపు చూసింది. ప్రతిసారీ ముందుగా అందించే ఆడవాళ్ళు పాటల పుస్తకాలు తెరిచారు. సండే స్కూలు పిల్లలకు తల్లులు తొడపాశం పెట్టడం కనబడింది. పాస్టరుగారు గడియారం చూసుకున్నారు. డాక్టరుగారు మోకాళ్ళ మధ్య చేతులు కలిపి, ప్రార్థనలో ఉన్నట్టు కళ్ళు మూసుకున్నాడు. తలమీద పంకాలు కిర్రుమంటున్నాయి. నిలబడి ఉన్న ఆ ఒక్క మనిషి మా భాషలో ఒక్క మాట కోసం మా అందరినీ అడుగుతూనే ఉంది. "ఏం మాట? మీ భాష కదా? ఏం మాట?"

నేను లేచాను. నాన్నతో ఊరి నుంచి వచ్చిన మా అమ్మ నా చీర కొంగు పట్టి లాగింది. కొంగు చేత్తో విడిపించుకుని, "గర్వం, సిస్టర్. దాన్ని గర్వం అంటారు" అన్నాను.

"ఆఁ" అంది ఆమె. చాలా రోజులుగా వెతుకుతున్న వస్తువు దొరికినట్టు తలాడించింది. "గర్వం. థాంక్యూ మోళే. గర్వం వల్ల కాలు పోయింది." వాక్యం పూర్తి చేసి కూర్చుంది. పాస్టరుగారు గబగబా పాట నంబరు చెప్పారు. గిన్నె నా వరుసకు వచ్చినప్పుడు దాన్ని పట్టుకున్న చేతులు డాక్టరుగారివే. నేను తీసుకోలేదు. తల ఎత్తి ఆయన మొహంలోకి చూశాను. ఆయన పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు.

సంఘంలో చీలిక తెచ్చానని నన్ను పిలిచి మందలించారు. శోశమ్మ సిస్టర్ ఆ వారమే రైలెక్కింది. కొన్ని క్రిస్మసులకు కార్డులు వచ్చాయి, తర్వాత రాలేదు. నేను వేరే ఆసుపత్రికి మారి, వార్డు నడిపి, పిల్లలకు పాఠాలు చెప్పి, ఈ ఊళ్ళోనే ముసలిదాన్నయ్యాను. కోపం విడిచిపెట్టమని వాక్యం చెబుతుంది. విడిచిపెట్టవలసినవి నాకు చాలానే ఉండేవి, మోకాళ్ళ మీద ఒక్కొక్కటే విడిచిపెట్టాను. డాక్టరుగారి మీది కోపాన్ని కూడా ఆయన సమాధి దగ్గర వదిలేసి వచ్చాననే అనుకుంటాను. ఒక్కటి మాత్రం వదలదు. దాన్ని వదిలించమని నేను అడగను కూడా. అది ఆ ఉదయపు నిశ్శబ్దం మీద కోపం. ఆ మందిరంలో ఆ మాట రానిది ఆమె ఒక్కదానికే. మిగిలిన వాళ్ళందరికీ వచ్చు.